తొమ్మిదో మలుపు తూము

సుజిత తలలు లెక్కపెడితే తప్పు రాదని నర్సీపట్నంలో ఆవిడ పనిచేసే మిషన్ హైస్కూల్లో అందరికీ నమ్మకం. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ అక్కడ పీఈటీ. రెండు వందల మంది పిల్లల్ని విశాఖ బీచ్‌కి తీసుకెళ్ళి, రెండు వందల మందినీ తిరిగి బస్సెక్కించిన మనిషి. ఆవిడ నోట్లో అంకెలు నడుస్తున్నప్పుడు పక్కన పిడుగు పడ్డా ఆగవని భర్త క్రిస్టఫర్ నవ్వుతుంటాడు. అందుకే కొండదారి సంరక్షణ సంఘం వాళ్ళు డిసెంబరు రెండో శనివారం విరాళాల నడక పెట్టినప్పుడు, మనుషుల్ని చూసుకునే పని ఆవిడకే అప్పజెప్పారు.

కొండదారి అంటే పాత ఘాట్ రోడ్డు. గొలుగొండ దాటాక కొండ మొదలయ్యే చోటి నుంచి పైకి ఏడు కిలోమీటర్లు, పద్నాలుగు మలుపులు. కొత్త రోడ్డు పడ్డాక బస్సులూ లారీలూ అటు వెళ్ళిపోయాయి. పాతదానికి చెట్లు మిగిలాయి. రెండు పక్కలా పనసలు, నేరేళ్ళు, సిల్వర్ ఓకులు పైన కొమ్మలు కలుపుకుని, మధ్యాహ్నం కూడా దారి మీద ఆకుపచ్చటి చీకటి పరుస్తాయి. ఆదివారాలు పట్నం జనం టిఫిన్ డబ్బాలు పట్టుకుని అక్కడికి పోతారు. అయితే ఆ దారి ఎవరిదీ కాకుండా పోయింది. అంచులు కూలుతున్నాయి, చెట్లకి గొడ్డళ్ళు తగులుతున్నాయి. అది చూడలేక ఐదేళ్ళ కిందట ఊళ్ళో కొందరు కలిసి సంఘం పెట్టారు. అధ్యక్షుడు నారాయణమూర్తి గారు. రోడ్ల ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి, మితంగా మాట్లాడతారు. ఆయనంటే సుజితకి గౌరవం. ఈ ఏడు నడకకి వచ్చినవాళ్ళ విరాళాలతో దారి పొడుగునా బెంచీలు వేయించాలనీ, లోయ కనిపించే చోట రెయిలింగు కట్టించాలనీ ఆయన కోరిక.

పొద్దున్న ఆరున్నరకి కొండ కింద అరవై రెండు మంది చేరారు. సుజిత పేర్లు పిలిచింది, టిక్కులు పెట్టింది, తలలు లెక్కపెట్టింది. అరవై రెండు. విజిల్ ఊదింది. నడక మొదలైంది.

మూడో మలుపు దగ్గర మంచినీళ్ళ కోసం ఆగారు. సుజిత అలవాటు కొద్దీ మళ్ళీ లెక్కపెట్టింది. అరవై మూడు.

తననే లెక్కలో కలుపుకున్నానేమో అనుకుంది. కాదు, తను ఎప్పుడూ తనని కలుపుకోదు. ఇంకోసారి లెక్కపెట్టింది. అరవై మూడు. కాగితం తీసి పేర్లు పిలిచింది. అరవై రెండు పేర్లకీ అరవై రెండు గొంతులు పలికాయి.

"ఎవరి పేరైనా పిలవలేదా?" అని అడిగింది.

ఎవరూ చెయ్యెత్తలేదు. తనతోపాటు స్కూల్లో తెలుగు చెప్పే లీల పక్కకొచ్చి, "ఏటే, నీకూ లెక్క తప్పిందా? ఇవాళ వాన పడిపోద్ది," అని నవ్వింది. సుజిత కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు గొంతు దాటి లోపలికి పోలేదు.

ఏడో మలుపు దాటగానే మంచు దిగింది. లంబసింగి వైపు మంచు సుజిత చాలాసార్లు చూసింది. అది తేలుతూ, కదులుతూ ఉంటుంది. ఇది అలా లేదు. చెట్ల మధ్య నుంచి గోడలా వచ్చి దారి మీద కూర్చుంది. ముందున్న మనిషి వీపు తప్ప ఏమీ కనబడడం లేదు. ఎడం పక్క లోయ. సుజిత విజిల్ ఊది గట్టిగా అరిచింది.

"అందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోండి! కొండ పక్కకే నడవండి! ఎవరూ తొందరపడకండి, నేను చివర ఉన్నాను!"

బడి పిల్లల్లా అందరూ చేతులు పట్టుకున్నారు. సుజిత చివరకి వెళ్ళి, తడుముకుని, ఆఖరి మనిషి చెయ్యి అందుకుంది. ఆడమనిషి చెయ్యి. గరుకుగా, రాయి పట్టి పట్టి కాయలు కాసిన చెయ్యి. ఇలాంటి చెయ్యి ఉన్నవాళ్ళు ఈ గుంపులో ఎవరున్నారా అనుకుంది సుజిత. వచ్చినవాళ్ళంతా టీచర్లు, బ్యాంకువాళ్ళు, ఆఫీసువాళ్ళు. పైగా ఆ చెయ్యి బావిలోంచి అప్పుడే తీసిన చేదలా చల్లగా, తడిగా ఉంది.

ఎనిమిదో మలుపు దాటారు. తొమ్మిదో మలుపు దగ్గర ఆ చెయ్యి ఆగిపోయింది. లాగలేదు, వదల్లేదు. ఆగింది, అంతే.

"ఏటండీ, కాలు పట్టేసిందా?" అంది సుజిత.

ముందు నడిచేవాళ్ళ అడుగుల చప్పుడు దూరమైపోతోంది. "నడవండమ్మా, వెనకపడిపోతాం," అని మెల్లగా అంది. కొంతసేపటికి ఆ చెయ్యి మళ్ళీ కదిలింది.

పదో మలుపులో మంచు పలచబడింది. సుజిత చూస్తే ముందు నాలుగడుగుల దూరంలో లీల వీపు ఉంది. మధ్యలో ఎవరూ లేరు. తన చేతిలో ఏమీ లేదు. ఎప్పుడు వదిలిందో తెలియలేదు.

"లీలా, నువ్వేనా చివర?"

లీల వెనక్కి తిరిగింది. "కాదు కదా, నా వెనక ఒకావిడ ఉంది. నా చెయ్యి పట్టుకునే ఉంది ఇంతవరకూ. ఏది?"

ఇద్దరూ వెనక్కి చూశారు. ఖాళీ దారి, తడి ఆకులు. సుజిత తన కుడి అరచెయ్యి విప్పింది. చేతినిండా ఎర్రటి బురద, సన్నటి ఇసుక. లీల తన ఎడం చెయ్యి చూసుకుంది. అక్కడా అదే బురద.

పైకి చేరాక సుజిత నాలుగుసార్లు లెక్కపెట్టింది. అరవై రెండు. అందరికీ ఉప్మా, టీ ఇచ్చారు. కొత్త రోడ్డు మీదుగా ముందే పైకి చేరిన నారాయణమూర్తి గారు ఐదు నిమిషాలు మాట్లాడారు. విరాళం కాగితాలు పంచారు. అందులో 'మీ విరాళం దేనికి వాడమంటారు?' అని ఒక ప్రశ్న ఉంది. కింద బెంచీలు, రెయిలింగు, చెట్లకి కంచెలు, బోర్డులు, చివరన 'ఇతరములు' అని ఒక గీత. కాగితాలన్నీ ఒక అట్టపెట్టెలో వేశారు. అందరూ వ్యానుల్లో కొత్త రోడ్డు మీదుగా దిగిపోయారు. లీలా సుజితా వేరే వేరే వ్యానులు ఎక్కారు.

సోమవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో సుజిత ఆ పెట్టె విప్పి, ఏవి దేనికో వేరు చెయ్యడం మొదలెట్టింది. మొదటి కాగితం ఇతరములు. రెండోది బెంచీలు. మూడోది ఇతరములు, నాలుగోది, ఐదోది కూడా ఇతరములే. మొత్తం తిరగేసేసరికి నలభై ఒక్క మంది ఆ గీత మీదే రాశారు. రాతలు వేరు, సిరాలు వేరు. మాట మాత్రం ఒక్కటే.

'తొమ్మిదో మలుపు కింద తూము తియ్యించండి.'

సంతకం కూడా ఇంగ్లీషులో తప్ప పెట్టని బ్యాంకు మేనేజరు గణేశ్వరరావు గారు సైతం, వంకర టింకర తెలుగులో అదే రాశారు. సుజిత ఆ కాగితాల మీంచి చెయ్యి తీసేసింది. వాటిలో ఒకటి లీలది.

"ఇది నువ్వెందుకు రాశావు?"

"మరేటి రాయమంటావు? అదే కదా అసలు పని అంట. నా చెయ్యి పట్టుకుందే, ఆవిడ సెప్పింది. నడిచేటప్పుడు నేను మీ సంఘంవాళ్ళే పెట్టారనుకున్నాను, దారి సంగతులు సెప్పడానికి."

"ఎవరావిడ? ఎలా ఉంది?"

లీల చెప్పబోయి ఆగింది. "నీలం చీర. తలమీద గుడ్డ చుట్టకుదురులా చుట్టుకుంది. మొహం... మొహం చూళ్ళేదే. తల వంచుకునే నడిచింది. నీళ్ళకి దారి లేదమ్మా, లోపలే ఉండిపోనాయి, తూము మూసీసినారు, తియ్యమని రాయండి, అంది. గొంతు ఎంత దగ్గరగా వినిపించిందనుకున్నావు? నా చెవిలో అన్నట్టే ఉంది."

ఆ సాయంత్రం సుజిత మరో ఏడుగురికి ఫోన్ చేసింది. నీలం చీర. తల వంచుకుంది. ఎవరూ మొహం చూడలేదు. తనతోనే నడిచిందని ఒక్కొక్కరూ అన్నారు. అదీ ఒకే సమయంలో, మంచు దిగినప్పుడు, గుంపు ముందు నడిచినవాళ్ళతోనూ, మధ్యలోవాళ్ళతోనూ, చివర సుజిత చెయ్యి పట్టుకుని కూడా.

మర్నాడు స్కూలు అయ్యాక కాగితాలు తీసుకుని నారాయణమూర్తి గారింటికి వెళ్ళింది. ఆయన వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నారు. నాలుగు కాగితాలు చూసి పక్కన పెట్టారు.

"తొమ్మిదో మలుపులో రోడ్డు కింద తూమే లేదమ్మా. ఎవరో తెలియక రాశారు."

"నలభై ఒక్క మందండీ."

"లేదన్నాను కదా." ఆయన గొంతు అంత కటువుగా సుజిత ఎప్పుడూ వినలేదు.

తర్వాతి కాగితం ఆయన చేతిలో ఆగిపోయింది. అది ఆయన భార్య వర్ధనమ్మ గారిది. ఆవిడ అప్పుడే మంచినీళ్ళు పట్టుకుని బయటికొచ్చి, భర్త చేతిలో కాగితం చూసింది. "ఆవిణ్ణి మీరే పెట్టారనుకున్నానండీ. పాపం, చీర కుచ్చిళ్ళు తడిసి కారుతున్నాయి. మంచుకి తడిసిందేమో అనుకున్నాను," అంది.

నారాయణమూర్తి గారు లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

రెండు రోజులు ఆయన దగ్గర్నుంచి కబురు లేదు. మూడోరోజు మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశారు. "సుజితా, తొమ్మిదో మలుపు దాకా నాతో రాగలవా? ఒక్కణ్ణీ వెళ్ళలేను."

కారు కింద ఆపి నడిచారు. ఎండ బాగా కాస్తోంది. వాన పడి నెల దాటింది. తొమ్మిదో మలుపు దగ్గర కొండ పక్కన కాలవ లేదు, రాళ్ళూ మట్టీ గట్టిపడి, మీద గడ్డి పెరిగింది. లోయ పక్కన పాత పిట్టగోడ. వింతేమీ లేదు. పిట్టలు కూడా కూస్తున్నాయి.

ఉన్నట్టుండి ఆగిపోయాయి.

మొదట సుజిత ఎక్కడో ఎవరో గిన్నె తోముతున్నారనుకుంది. అడుగంటిన అన్నం గిన్నెని గరిటెతో గీకే చప్పుడు. గర్ర్... గర్ర్... ఆగింది. మళ్ళీ గర్ర్. అది కొండ పక్కనుంచీ రావడం లేదు, లోయలోంచీ రావడం లేదు. చెప్పులు విడిచి తారు మీద కాలు పెట్టింది. ఆ చప్పుడు అరికాల్లో తగిలింది. రోడ్డు కింద ఉంది.

"వినిపిస్తోందా?" అన్నారు నారాయణమూర్తి గారు.

సుజిత తలూపింది.

ఆయన పిట్టగోడ మీద కూలబడ్డారు. "నాకొక్కడికే వినిపిస్తుందనుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళు," అన్నారు. తర్వాత ఆగకుండా, ఆమె వైపు చూడకుండా చెప్పుకుపోయారు.

అప్పుడు ఆయన ఈ దారికి కొత్తగా వచ్చిన చిన్న ఇంజనీరు. తుఫాను పట్టి మూడు రోజులు వాన. తొమ్మిదో మలుపు తూము పూడిపోయి నీళ్ళు రోడ్డెక్కాయి. మర్నాడు ఎవరో పెద్దవాళ్ళ కార్లు కొండ మీదికి వెళ్ళాలి, ఎలాగైనా దారి తెరవమని పైనుంచి ఒత్తిడి. రోడ్డు కూలీల గ్యాంగులో ఆరుగురిని ఆయనే తూము శుభ్రం చెయ్యమని దింపారు. వద్దండీ, కొండచరియ వదులుగా ఉందని మేస్త్రీ అన్నాడు. ఆయన వినలేదు. సాయంత్రం నాలుగింటికి చరియ జారింది. ఐదుగురు బయటపడ్డారు. తూములోపలికి మట్టి ఎత్తే ఇనుప గమేళా పట్టుకుని దూరిన ఆరో మనిషి రాలేదు.

"పేరేటండీ?"

"జోగులమ్మ."

"ఇన్నేళ్ళైనా పేరు మర్చిపోలేదన్నమాట."

ఆయన తల దించుకున్నారు. "తవ్వడానికి మనుషులు లేరు. మిషను మర్నాడు పొద్దున్నగానీ రాదన్నారు. అందర్నీ కిందికి పంపేసి, నేను వెనక ఉండిపోయాను. అప్పుడు విన్నాను, ఇదే చప్పుడు. రాళ్ళకింద నుంచి గమేళాతో గీకుతోంది. అది నీళ్ళ చప్పుడే అని నాకు నేను చెప్పుకున్నాను. గట్టిగా చెప్పుకున్నాను సుజితా. పొద్దున్న మిషను వచ్చింది. తవ్వితే రోజంతా పడుతుంది. కార్లు పది గంటలకి వస్తాయి. చదును చేసెయ్యమన్నాను. వాగులో కొట్టుకుపోయిందని రిపోర్టు రాశాను. గ్యాంగువాళ్ళని దూరంగా వేరే రోడ్డు మీదికి పంపించేసి, ఆవిడ ఊరికి కబురే చేరనివ్వలేదు."

కింద చప్పుడు ఆగింది. ఆగినప్పుడు ఇంకా భయంగా ఉంది. ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు.

"సంఘం పెట్టినప్పుడు, ఈ దారికి ఏదో ఒకటి చేస్తే నాకు నిద్ర పడుతుందనుకున్నాను. బెంచీలు వేస్తే సరిపోతుందనుకున్నాను," అన్నారాయన.

సుజితకి ఆయన మీద జాలి కలగలేదు. కోపం కూడా ఇంకా రాలేదు. అరచెయ్యి చీరకి తుడుచుకుంది, అక్కడ ఏమీ లేకపోయినా. "ఆవిడకి పిల్లలున్నారా?" అని అడిగింది.

"ఒక ఆడపిల్ల ఉందని విన్నాను. కనుక్కోలేదు."

కనుక్కోవడానికి సుజితకి వారం పట్టింది. ఆనాటి గ్యాంగులో బతికున్న ఒకే ఒక్క ముసలాయన్ని రోలుగుంట దగ్గర పట్టుకుంది. ఆయన చెప్పిన ఆనవాలుతో కొండ కింద పల్లెలో జోగులమ్మ కూతురు అప్పయమ్మ దొరికింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. జీడిపిక్కల షెడ్డులో కూర్చుని పిక్కలు కొడుతోంది. జీడి పాలు తగిలి వేళ్ళ చివర్లు నల్లగా మాడినట్టున్నాయి. సుజిత ఎదురుగా కూర్చుని, మీ అమ్మ గురించి మాట్లాడాలమ్మా అంది.

అప్పయమ్మ చెయ్యి ఆగలేదు. "మాయమ్మ మాట నాకాడ ఎత్తకండి. నాకు ఆరేళ్ళప్పుడు లారీ డ్రైవరుతో లేసిపోనాది. ఊరంతా అదే సెప్పుకున్నారు. నా పెళ్ళికాడ కూడా అదే మాటన్నారు. నా కూతురు పెద్దదైతే దానికీ అదే అంటారు."

"లేచిపోలేదమ్మా," అంది సుజిత.

చెప్పాల్సినదంతా చెప్పింది. మంచులో పట్టుకున్న చెయ్యి గురించి కూడా దాచలేదు. షెడ్డులో మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే పిక్కలు కొట్టడం ఆపేశారు. అప్పయమ్మ మాత్రం ఇంకో నాలుగు కొట్టింది. తర్వాత సుత్తి కింద పెట్టింది.

"వాన రోజేనా అది?"

"తుఫాను."

"గొడుగు నాకిచ్చీసింది. గోనెసంచి కప్పుకుని ఎల్లింది. నాను ఏడుస్తంటే, బేగి వొచ్చేస్తాను, నీకోసం బెల్లంజీళ్ళు తెస్తాను, అంది." కళ్ళు తుడుచుకోబోయి, వేళ్ళకి జీడి అంటి ఉందని గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకుంది. "అయితే లోపలే ఉందంటారా? ఇన్నాళ్ళూ?"

"ఉందనే అనుకుంటున్నాను."

"గీకతానే ఉందా?"

సుజిత తన కుడి అరచెయ్యి ఆమె మోకాలి మీద పెట్టింది.

నారాయణమూర్తి గారు పోలీసు స్టేషన్‌కి వెళ్ళి, జరిగినది జరిగినట్టు రాసి సంతకం పెట్టారు. శాఖకి ఇంకో ఉత్తరం రాశారు. సంఘం అధ్యక్షపదవి వదిలేశారు. కొడుకు మౌళి హైదరాబాదు నుంచి పరిగెత్తుకొచ్చి, ఎవరడిగారని ఇప్పుడివన్నీ చెప్పడం అని అరిచాడట. "నలభై ఒక్క మంది అడిగారు. మీ అమ్మతో సహా," అని మాత్రం ఆయన అన్నారట. అనుమతులు చేతికొచ్చేసరికి ఫిబ్రవరి రెండో వారమైంది. తవ్వకానికి నడకలో వచ్చిన విరాళాలే వాడాలని సంఘం ఒక్కమాటగా తీర్మానించింది. మిగిలిన ఇరవై ఒక్క మంది కూడా బెంచీలు వద్దన్నారు.

తవ్వేరోజు పొద్దున్న ఎనిమిదికల్లా జేసీబీ వచ్చింది. ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు, తహసీల్దారు ఆఫీసు నుంచి ఒకాయన, రోలుగుంట ముసలాయన, నారాయణమూర్తి గారు, సుజిత, అప్పయమ్మ. అప్పయమ్మ పిట్టగోడకి ఆనుకుని నిలబడింది. నారాయణమూర్తి గారు ఆమెకి దూరంగా, ఎండలో నిలబడ్డారు.

తారు లేచింది. దాని కింద రాళ్ళు. రాళ్ళ కింద ఎండాకాలం దగ్గరికొచ్చినా ఆరని ఎర్ర మట్టి, పిడికిట పడితే నీళ్ళు కారేంత తడిగా. ఆరడుగులు దిగాక తూము కప్పు రాతిపలక కనిపించింది. జేసీబీని ఆపి మనుషులు దిగారు. పలుగులతో పలక ఎత్తారు.

లోపల పూడలేదు. ఒక మనిషి కూర్చునేంత జాగా అలాగే ఉంది. గోడకి వీపు ఆన్చి, మోకాళ్ళు దగ్గరకు తీసుకుని, ఆమె ఎలా కూర్చుందో అలాగే ఎముకలు కూర్చుని ఉన్నాయి. నీలం గుడ్డ పీలికలు మట్టిలో కలిసిపోయాయి. ఒళ్ళో గమేళా. ఎదురుగా ఉన్న బండ మీద, ఒకే చోట గీకి గీకి, చూపుడువేలు దూరేంత లోతుగా గాడి పడి ఉంది.

ముసలాయన వంగి చూసి, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ఒక్క రేతిరి గీకితే ఇంత గాడి పడదు బాబూ," అన్నాడు.

ఎస్సై గమేళాని చేతిరుమాలుతో పట్టుకుని పైకి తీశాడు. మొత్తం తుప్పు పట్టి, చిల్లులు పడి, పొరలు పొరలుగా ఊడిపోతోంది. దాని అంచు మాత్రం ఒక పక్క నెలవంకలా అరిగి, ఆ పొద్దున్నే ఇసుకతో తోమినట్టు తెల్లగా మెరుస్తోంది. అందరూ చూశారు. ఎస్సై చాలాసేపు చూశాడు. పంచనామా కాగితంలో 'తుప్పు పట్టిన ఇనుప గమేళా ఒకటి' అని రాయించాడు.

అప్పయమ్మ గోతి అంచుకి వచ్చింది. ఎవరూ ఆపలేదు. మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి వంగి, ఆరేళ్ళ పిల్ల గొంతుతో పిలిచింది. "అమా. అమోయ్. లెగే. ఇంటికెళ్దాం."

తూము లోపల, ఎముకల వెనక చీకట్లో, ఏదో కదిలింది. జేసీబీ డ్రైవరు గెంతి వెనక్కి జరిగాడు. ముందు సన్నటి ధార వచ్చింది. తర్వాత ఎక్కడో మట్టికట్ట తెగినట్టు బుడబుడమంటూ నీళ్ళు తోసుకొచ్చాయి. మనుషులు గబగబా ఎముకల్ని ఎత్తి తెల్లగుడ్డలో పెట్టారు. నీళ్ళు గాడి పడిన బండని దాటుకుని, పిట్టగోడ కిందనుంచి లోయలోకి దూకాయి. వాన పడి మూడు నెలలు దాటింది. అవి ఎన్నేళ్ళ నాటి నీళ్ళో ఇంజనీరుగా నారాయణమూర్తి గారు చెప్పగలరేమో. ఆయన్ని ఎవరూ అడగలేదు. సాయంత్రం దాకా ఆ నీళ్ళు ఎర్రగా పారుతూనే ఉన్నాయి.

ఆస్పత్రి లాంఛనాలు అయ్యాక అప్పయమ్మ తల్లిని ఊరి పక్క తమవాళ్ళ నేలలో పూడ్చింది. లోతుగా వద్దంది. మీద రాళ్ళు పెట్టొద్దంది. నారాయణమూర్తి గారు దూరం నుంచి చూసి, అంతా వెళ్ళాక ఆమె దగ్గరికి వచ్చి చేతులు జోడించారు. ఏమన్నా చెయ్యమంటే చేస్తానన్నారు. డబ్బు సంగతి ఎత్తబోయారు.

"డబ్బొద్దండి," అంది అప్పయమ్మ. "మిమ్మల్ని ఏమన్నా చేస్తే కోర్టువోళ్ళు చేస్తారు. నాకొకటే కావాల. రేపు పొద్దున్న మా ఊరి పాలకేంద్రం కాడికి రండి. అందరూ ఉంటారు. మాయమ్మ లేసిపోలేదని మీ నోటితో సెప్పండి."

సుజిత ఆయన్ని స్కూటీ మీద తీసుకెళ్ళింది. పాలకేంద్రం ముందు క్యాన్లు పట్టుకుని నలభై, యాభై మంది వరసలో ఉన్నారు. పాలు కొలిచే అతను మిషను ఆపేశాడు. నారాయణమూర్తి గారు అరుగెక్కి నిలబడ్డారు.

"జోగులమ్మ గారు ఎవరితోనూ వెళ్ళిపోలేదు," అన్నారు. "నేను పంపితే తూములోకి వెళ్ళారు. మీద మట్టి పడింది. ఆవిడ లోపల బతికే ఉన్నారని నాకు తెలుసు. చప్పుడు విన్నాను. విని కూడా పైన రోడ్డు వేయించాను."

ఒక గేదె ఎక్కడో అరిచింది. ఎవరైనా ఆయన మీద చెయ్యి చేసుకుంటారేమోనని సుజిత ఒక అడుగు ముందుకేసింది. ఎవరూ చేసుకోలేదు. అది ఆయనకి ఇంకా కష్టంగా ఉన్నట్టుంది.

"ఎన్నాళ్ళు గీకిందో అదీ సెప్పండి," అంది పాల క్యానుతో వరస చివర నిలబడ్డ అప్పయమ్మ.

"నాకు తెలీదమ్మా," అన్నారాయన. మళ్ళీ అన్నారు, అందరికీ వినపడేలా. "నాకు తెలీదు."

ఆయన అరుగు దిగి, రోడ్డు పక్కన నేల మీద కూర్చుండిపోయారు. పాలు కొలిచే అతను మిషను మళ్ళీ ఆన్ చేశాడు. అయినా వరసలో ఎవరూ ముందుకి వెళ్ళలేదు. అందరూ పక్కకి జరిగి అప్పయమ్మకి దారి ఇచ్చారు. వరసలో అందరికన్నా ముందు ఒక ముసలావిడ ఉంది. పళ్ళు లేవు, వీపు విల్లులా వంగిపోయింది. చేతిలోని క్యాను కింద పెట్టి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అప్పయమ్మని పోల్చుకోవాలన్నట్టు చూసింది.

"జోగులమ్మ కూతురా," అని పిలిచింది. "ఇలగ రా, నా ముందర నిలబడు."

అప్పయమ్మ తన క్యాను పట్టుకుని వెళ్ళి ఆమె ముందు నిలబడింది.